గండయ్య హాజరు కావాలి

రాళ్లకుంట, శామీర్‌పేట దిక్కు
డిసెంబర్ 2, మంగళవారం

చెల్లె ఎలీషమ్మకు,

పొద్దున మంచు పడింది. ఎండ తొమ్మిదింటికి గానీ రాలేదు. నారుమడి దున్ని పెంట చల్లాను. బర్రె ఒక పూట పాలు తగ్గించింది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాశాడా అనుకుంటావు. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను గిడియోన్ బావ చేతిలో ఉంటుంది. ఆయన స్పీకర్ పెట్టకుండా మాట్లాడడు. ఇది మీ గల్లీ అంతా వినవలసిన సంగతి కాదు. మీ పక్కింటి నర్సు రేచల్ ఇక్కడి ఆసుపత్రికి డ్యూటీకి వస్తుంది కాబట్టి ఆమె చేతికి ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వేయి.

నిన్న ఆఫీసు మనిషి బండి మీద వచ్చాడు. దిగకుండానే అడిగాడు.

"గండయ్య ఇల్లు ఇదేనా?"

"ఇదే."

"పిలువు."

"లేడు."

"ఎప్పుడొస్తడు?"

"పొద్దుగూకినంక" అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. "నువ్వేమైతవ్?" అన్నాడు. కొడుకునన్నాను. సంతకం పెట్టించుకొని కవరు ఇచ్చి పోయాడు.

నోటీసులో ఉన్నది ఇది. మన సర్వే నంబరు భూమి ప్లాట్లు అయిందట. పంట వేయని భూమికి గండయ్య సర్కారు పంట సాయం తీసుకున్నాడట. మొదటి నుంచి తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. కట్టకపోతే భూమి జప్తు చేస్తారు. అభ్యంతరం ఉంటే, పొలం చూడడానికి వ్యవసాయ శాఖ మేడం వచ్చే రోజున పట్టాదారు గండయ్య పాస్ బుక్కుతో స్వయంగా హాజరు కావాలి.

ప్లాట్లు అయింది మనది కాదు. అదే నంబరులో పక్కన ఉన్న పర్వతాలు అనే అతను తన భాగం అమ్ముకున్నాడు. అందులో తెల్ల రాళ్లు పాతారు. మన ఎకరం ఇరవై గుంటల్లో మొన్న కోసిన వరి కొయ్యకాళ్లు ఇంకా ఉన్నాయి. ఆ సంగతి ఎవరైనా వచ్చి చూస్తే తెలుస్తుంది. నా భయం అది కాదు.

నీకు ఒక అబద్ధం చెప్పాను. నాయిన పోయాక భూమి నా పేరు మీదికి విరాసత్ చేయించానన్నాను. చేయించలేదు. పంచాయతీలో మరణ పత్రం అడిగితే, నాయిన ఇంట్లోనే పోయాడు కాబట్టి చర్చి పుస్తకంలో రాసింది తెమ్మన్నారు. పాస్టర్ గారి పుస్తకంలో బాప్తిస్మం పేరు, అబ్రహాము అని ఉంది. పాస్ బుక్కులో గండయ్య అని ఉంది. "గీ ఇద్దరు ఒక్కడే అని నువ్వంటె అయిపోతదా?" అన్నారు. తాతకు సర్కారు ఇచ్చిన భూమి, మతం, పేరు మార్చుకున్నోళ్లకు ఉండదని బయట ఎవరో అంటుంటే విన్నాను. నిజమో కాదో ఎవరినీ అడగలేదు. అడిగితే మన సంగతి తెలిసిపోతుందని తిరిగి వచ్చాను. కొన్నాళ్లకు నాయిన ఖాతాలో పంట సాయం పడింది.

అప్పటి నుంచి అయిదేళ్లుగా పడుతూనే ఉంది. నేనే కార్డుతో తీస్తున్నాను. ఇక్కడ తీస్తే చూస్తారని సుచిత్ర చౌరస్తా ఏటీఎం దాకా పోయి, ముఖానికి తువ్వాలు కట్టుకొని తీస్తున్నాను.

అబ్రహామును బొందల గడ్డలో పెట్టాము. గండయ్య ఇంకా చావలేదు. ఆయనను నేను ఎక్కడి నుంచి తేవాలి?

అన్న,
యోహాను


గాజులరామారం
డిసెంబర్ 5

అన్నా,

నీ ఉత్తరం మా కంపెనీ కాంటీన్‌ల నేను వంట జేసే కాడ, బియ్యం బస్తాల చాటుకు కూసొని చదివిన. పొయ్యిల గూడ ఏసిన. ఇగ నీ పానం నిమ్మలమేనా?

నాకు తెలువదనుకున్నవా? ఏంజెల్ నర్సింగు ఫీజుకని ఏడాదికి రెండుసార్లు పంపినవు. ఏమన్నవ్? టమాట పైసలన్నవు. టమాట రోడ్డు మీద పారబోసిన ఏడు గూడ టమాట పైసలే అన్నవు. అప్పుడే సమజైంది. అడగలే. అడిగితే నువ్వు పంపుడు బంద్ జేస్తవని అడగలే. నా బిడ్డ చదువు ఆగుతదని నోరు మూసుకున్న. అది నా తప్పు, రాసుకో.

ఇప్పుడు పరేషాన్ గాకు. వాళ్లు అడిగేది ఏంది? భూమిల పంట ఉన్నదా లేదా అని. నీ అసొంటి మనిషి ఈ జిల్లాల ఇంకొకడు ఉన్నడా? బడికి పోకుండ, పాత పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నోనివి. ముప్పై ఏండ్ల సంది దినాం పుస్తకం రాస్తవు. ఏ దినం వాన వడ్డది, ఏ దినం కలుపు తీసినవు, అన్ని ఉంటయి. ఆ పుస్తకాలు మేడం ముందట పెట్టు. గంత కంటె సాక్ష్యం ఏం గావాలె?

నాయిన ఏడి అంటె ముసలోడు, మంచంల ఉన్నడు, బిడ్డ ఇంట్ల ఉన్నడు అని చెప్పు. నేను సూసుకుంట.

మీ బావకు చెప్పలే. ఆయనకు చెప్పుడంటె సుచిత్ర చౌరస్తల మైకు పెట్టినట్టే.

ఎలీషమ్మ


రాళ్లకుంట
డిసెంబర్ 11, గురువారం

చెల్లె,

చలి పెరిగింది. నారు మొలిచింది. పిట్టలు రాకుండా పాత చీర కట్టాను.

నువ్వు చెప్పినట్టు ట్రంకులోంచి పుస్తకాలు తీశాను. నోటీసులో అడిగిన ఏళ్లవి అన్నీ ఉన్నాయి. ఒక్క రోజు తప్పలేదు. దున్నిన రోజు, నాటిన రోజు, మందు కొట్టిన రోజు, కోత మిషన్ వచ్చిన రోజు. చూస్తూ ఉంటే మొదటిసారి కొంచెం ధైర్యం వచ్చింది.

తర్వాత 2020 పుస్తకం తీశాను. ఆగస్టు 9.

మరిచిపోయాను చెల్లె. నాయిన పోయిన రోజు కూడా రాశాను. అన్ని రోజుల్లాగే అదీ రాశాను. తక్కిన చోట్ల "నాయిన పైసలు తీసిన" అని ఉంది. అది చదివితే బతికున్న ముసలోడికి కొడుకు తెచ్చి ఇస్తున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క పేజీయే చెబుతుంది. పంట ఉందని చెప్పే పుస్తకమే నాయిన లేడని కూడా చెబుతుంది. ఒకటి చూపించి ఇంకొకటి దాచలేను.

మేడం ఫోన్ చేసింది. పేరు హర్షిత అట. మంచిగానే మాట్లాడింది. "పెద్దమనిషిని ఇంటి కాడనే ఉంచుండ్రి. ఫోటో తీసుకోవాలె" అన్నది. సరే అన్నాను.

నిన్న పాల బండి హారన్ కొడితే గడ్డివాము వెనక్కి పోయి నిలబడ్డాను. పాలతను నన్ను పిలిచి పిలిచి పోయాడు. పాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఇలా ఎన్ని రోజులు?

యోహాను


గాజులరామారం
డిసెంబర్ 14

అన్నా,

ఒక్క కాగితం. చింపెయ్యి. గంతే.

చింపబుద్ధి గాకపోతె కొత్త పుస్తకం కొను. ఆ ఏడుది మొత్తం మల్ల రాయి, ఆ ఒక్క దినం ఇడిసిపెట్టు. నీ చేతిరాత నీదే గద, ఎవనికి తెలుస్తది?

ఇంకోటి. ఫోటోకు ముసలోడు గావాలె, గంతేగదా. చెరువుల చేపలు పట్టే ఎల్లయ్య పెద్దనాయిన ఉన్నడు గద. నాయిన ఈడోడే. దుప్పటి కప్పి మంచంల కూసోబెట్టు. పాస్ బుక్కుల ఉన్న ఫోటో పదేండ్ల కిందిది. పండ్లు ఊడినంక ముసలోళ్లందరు ఒక్క తీరుగనే ఉంటరు.

నవ్వకు. నేను నవ్వుకుంట రాస్తలేను. మొన్న కంపెనీకి ఎవరో ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన్రు. జీపు చూడంగనె నా కోసమే అనుకొని పప్పు గంజు కింద వడేసిన. సూపర్వైజర్ తిట్టిండు. నీ జబ్బు నాకు అంటించినవు.

భూమి పోతె నీకు ఏం ఉన్నదన్నా? వదిన పోయె, పిల్లలు లేకపోయిరి. నువ్వు ఎక్కడుంటవు? నా రెండర్రల ఇంట్ల ఎన్ని దినాలుంటవు?

చింపెయ్యి.

ఎలీషమ్మ


రాళ్లకుంట
డిసెంబర్ 20, శనివారం

చెల్లె,

మబ్బు. చలి తక్కువ. పొలంలో పని ఏమీ చేయలేదు. అలా రాయడం నాకు అలవాటు లేదు.

ఎల్లయ్య పెద్దనాయిన దగ్గరికి పోయాను. వల కుట్టుకుంటున్నాడు. చెప్పడానికి గంట పట్టింది. విని నవ్వాడు.

"గండని లెక్క మంచంల కూసోవాల్నా? గదేం పని రా. దగ్గాల్నా?"

"ఏందే?"

"మీ నాయిన దగ్గు నాకు ఎరికే. గొంతుల పిల్లి ఉన్నట్టు దగ్గుతుండె." అని దగ్గి చూపించాడు.

చెల్లె, అది నాయిన దగ్గే. నేను లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు. "అగో, ఏమైందిరా? పొద్దుగాల్నే చెప్తె గడ్డం గూడ గీసుకుంట." ఆయన మంచివాడే. ఏం అడుగుతున్నానో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

కొత్త పుస్తకం కొన్నాను. రెండు రోజులు కూర్చొని జనవరి నుంచి ఆగస్టు 8 దాకా ఎక్కించాను. తొమ్మిదో తారీఖు ఇడిచిపెడదామనుకుంటే, అన్ని రోజుల మధ్య ఆ ఖాళీ గుంతలాగా కనబడింది. అందుకని "నాయినకు బాగుంది" అని రాశాను. తర్వాత పదో తారీఖు రాయాలి. పదకొండు రాయాలి. ఆయన అయిదేళ్లు ఎలా ఉన్నాడో, ఏం తిన్నాడో నేనే కల్పించాలి. కొత్త పుస్తకం పొయ్యిలో వేశాను.

సాయంత్రం నుంచి జ్వరం. ఇది రేచల్ చేతికి ఇచ్చి పడుకుంటాను.

యోహాను


గాజులరామారం
డిసెంబర్ 30

అన్నా,

జ్వరం తగ్గిందా? ఆదివారం నిన్ను చూసి వచ్చినప్పటి సంది మనసు మనసుల లేదు. పెట్టి వచ్చిన చారు తిన్నవా? గోలీలు పూటకొకటి, రెండు గాదు.

పుస్తకాల గురించి ఇగ ఆలోచన చెయ్యకు. మేడం వస్తె ధైర్యంగ ఇయ్యి. అడిగినదానికే చెప్పు. ఎక్కువ మాట్లాడకు. నువ్వు ఎట్లనూ మాట్లాడవు.

ఏం కాదు.

ఎలీషమ్మ


రాళ్లకుంట
జనవరి 4, ఆదివారం

ఎలీషమ్మకు,

మంచు. జ్వరం లేదు. నారు జానెడు ఎదిగింది.

నీ ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు అంత తక్కువ రాయవు. "ఏం కాదు" అని అంత ధైర్యంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇవాళ పుస్తకం తీశాను. ఆగస్టు 9 లేదు. నువ్వు వచ్చిన రోజు నేను మోటరు వేయడానికి పోయి అర గంటలో వచ్చాను. ఆ అర గంటలో నువ్వు చారు మాత్రమే కాచలేదు.

అది కుట్టు పుస్తకం. ఒక కాగితం లాగితే దాని జత కాగితం రెండో పక్క ఊడుతుంది. ఇప్పుడు మే నెల కాగితం చేతిలోకి జారి వస్తోంది. చిన్న పిల్లవాడు పుస్తకం పట్టుకున్నా, ఇందులోంచి ఏదో చింపారని తెలుస్తుంది. నోటీసులో అడిగిన ఏడేళ్ల పుస్తకాల్లో లేనిది ఆ ఒక్క కాగితమే. మేడం మొదట అడిగేది దాని గురించే.

నాయిన డబ్బు తీసుకున్నాను. ఆఫీసు మనిషికి అబద్ధం చెప్పాను. నీకు చెప్పాను. కానీ ఆ పుస్తకంలో ఇంతవరకు అబద్ధం లేదు. నాది అని చెప్పుకోవడానికి నాకు ఉన్నది అదొక్కటే. నన్ను అడగకుండా దాన్ని కూడా తీసుకున్నావు.

ఆ కాగితం కాల్చావా? ఆ ఒక్క మాట రాయి. వేరే ఏమీ రాయకు.

మేడం శుక్రవారం వస్తుంది.

యోహాను


గాజులరామారం
జనవరి 7

అన్నా,

కాల్చలే. ఈ ఉత్తరంలనే మడత పెట్టి ఉన్నది, చూడు.

కాలుద్దామనే తీసుకపోయిన. కాంటీన్‌ల పెద్ద పొయ్యి ముందట నిలవడ్డ. చేతిల కాగితం ఉన్నది, ముందట మంట ఉన్నది. ఒక్కసారి చదివి ఏద్దామనుకున్న.

నువ్వు రాసింది నీకు గుర్తున్నదో లేదో. నేను ఎక్కిస్తున్న.

"ఆగస్టు 9, ఆదివారం. ముసురు. తెల్లారుతుండగా నాయిన పోయిండు. పోయే ముందట మడికి నీళ్లు కట్టినవా అని అడిగిండు. కట్టిన అని చెప్పిన. కట్టలే. పాస్టర్ గారు, నలుగురం. బొందల గడ్డ. సాయంత్రం వచ్చి నీళ్లు కట్టిన."

అన్నా, కరోనా అని నన్ను రానియ్యలే. మా గల్లీకి కట్టెలు అడ్డం కట్టిన్రు. నాయిన ఏమన్నడు అని ఫోన్‌ల ఏడ్సుకుంట అడిగితె, ఏం అనలే, నిద్రల పోయిండు అన్నవు. అయిదేండ్లు అదే అనుకున్న. నాయిన ఆఖరి మాట నీ పుస్తకంల పడి ఉన్నది, నాకు చెప్పలే.

అది ఎట్ల కాల్చమంటవు? నాలుగుసార్లు చదివిన. కూర అడుగంటింది. మల్ల సూపర్వైజర్ తిట్టిండు.

కోపం ఉంటె ఉండనీ. చింపింది తప్పే. గని ఒక్క సంగతి. మేడం అడిగితె పైసలు నువ్వు ఒక్కనివే తిన్నవని చెప్పకు. సగం నా బిడ్డ ఫీజుకు పోయినయి. నా పేరు గూడ చెప్పు. జైలంటె ఇద్దరికి, కట్టుడంటె ఇద్దరికి. నా చెవుల కమ్మలు ఉన్నయి.

రాత్రి మీ బావకు గూడ చెప్పిన. మొత్తం చెప్పిన. మైకు పెట్టలే. అన్నం తిన్నడు. చెయ్యి కడుక్కున్నంక ఒక్కటే అన్నడు. "పాస్టర్‌తోని కాగితం రాపియ్యుండ్రి, గండయ్య అబ్రహాము ఒక్కడే అని. నేను సాక్షి సంతకం పెడ్త. నా పెండ్లికి మీ నాయిన రెండు పేర్లు చెప్పి నవ్వించిండు." గింత తెలివి ఆయనకు ఉన్నదని నాకు ఇన్నేండ్లు తెలువదు.

ఏం చేస్తవో నీ ఇష్టం. కాగితం నీది.

చెల్లె,
ఎలీషమ్మ


రాళ్లకుంట
జనవరి 9, శుక్రవారం

చెల్లె,

మంచు లేదు. ఆకాశం తేటగా ఉంది. పొద్దున అయిదింటికి గంజి కాచి ఆగస్టు 9 అతికించాను. జత కాగితాన్ని కూడా దారంతో కుట్టాను. ఎండలో పెట్టాను, ఆరింది. బర్రెకు గడ్డి వేశాను. మోటరు వేసి మొదటి మడికి నీళ్లు పెట్టాను.

2020 పుస్తకం, ఈ ఏడాది పుస్తకం మేడం చేతిలో ఉన్నాయి. అందుకని ఈ రోజుది పుస్తకంలో కాక నీకు రాస్తున్నాను.

పదింటికి స్కూటీ మీద వచ్చింది. చిన్న పిల్ల. ఏంజెల్ కంటే రెండు మూడేళ్లు పెద్దది కావచ్చు. నన్ను అంకుల్ అన్నది. హారన్ వినగానే నా కాళ్లు గడ్డివాము దిక్కు తిరిగాయి. పోలేదు.

ముందు పొలం చూసింది. తెల్ల రాళ్ల దాకా నడిచి, మన గట్టు దాకా నడిచి ఫోటోలు తీసుకుంది. "ఇది మంచిగనే ఉన్నది గదా అంకుల్. రాళ్లు పక్కోళ్లవి" అన్నది. తర్వాత పందిరి కింద మంచం మీద కూర్చొని ఫారం తీసింది. ఇంతకు ముందటి ఏళ్లకు ఏం ఆధారం ఉందని అడిగింది. పుస్తకాలు పెట్టాను. "ఇవన్ని మీరే రాసిన్రా? మా ఆఫీసుల గూడ గింత మంచిగ ఉండయి" అని నవ్వింది.

పంట దగ్గర వరి అని రాసింది. సాగులో ఉంది అని రాసింది. రైతు పేరు దగ్గర గండయ్య అని రాయబోయి తల ఎత్తింది.

"పెద్దాయన ఏడి అంకుల్? పిలువుండ్రి."

నేను చెబుదామనుకున్న మాటలన్నీ పోయాయి. ఒక్కటే వచ్చింది. "మేడం, ముందట ఆయన పోయిండని రాయుండ్రి" అన్నాను.

"ఎప్పుడు?"

2020 పుస్తకం, నిన్న పాస్టర్ గారు రాసిచ్చిన కాగితం తీసి ఆమె చేతికి ఇచ్చాను. గంజి పెట్టిన కాగితం దళసరిగా ఉంటుంది. పుస్తకం దానంతట అదే అక్కడ తెరుచుకుంది.

చదువుతోంది. చిన్న పేజీయే. చాలాసేపు చదువుతోంది. వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదువుతోంది. నవ్వు లేదు. తర్వాత పేజీలు తిప్పింది. "నాయిన పైసలు తీసిన" అన్న చోట ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"అబ్రహాము ఎవరు? పాస్టర్ కాగితంల ఉన్నడు."

"మా నాయిన."

"గండయ్య?"

"ఆయన గూడ మా నాయినే."

"మరి అయిదేండ్ల సంది తీసుకున్నది ఎవరు?"

"నేను" అన్నాను. నీ పేరు కూడా చెప్పాను, నువ్వు చెప్పమన్నావని. చెప్పకూడదనుకున్నాను. కానీ సగం దాస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

పెన్నుకు మూత పెట్టింది. "అంకుల్, పంట ఉన్నదని నేను రాయగలుగుత. ఇది మాత్రం నా చేతిల లేదు. పై సార్‌ను అడగాలె" అన్నది. ఫోన్ తీసుకొని తెల్ల రాళ్ల దిక్కు పోయింది. అటు తిరిగి మాట్లాడుతోంది. మాటలు వినబడడం లేదు. ఒక చేయి ఊపుతోంది. ఆ రెండు పుస్తకాలు మాత్రం మంచం మీద పెట్టలేదు, చంకలో పెట్టుకొని పోయింది.

నాకు భయంగానే ఉంది, చెల్లె. తగ్గలేదు. కానీ అయిదేళ్ల తర్వాత ఇవాళే నాయిన పోయినట్టు ఉంది. పొద్దున కాగితం అతికిస్తున్నప్పుడు కళ్లలో నీళ్లు వచ్చాయి. అది పుస్తకంలో రాయలేదు.

ఫోన్ పెట్టేసింది. ఇటే వస్తోంది. దూరం నుంచే "అంకుల్" అని పిలిచింది. రెండోసారి పిలుస్తోంది. లేవాలి. మొదటి మడి నిండి గట్టు మీదికి వస్తోంది. మడవ మార్చాలి. రెండో మడికి నీళ్లు కట్టాలి.